తెర మీద ఎరుపు కనిపించకూడదు

పర్లేదక్క అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. స్కాన్ సెంటర్లో ఆయా నుంచి మేనేజరు దాకా అందరికీ ఆవిడ పర్లేదక్కే. ముగ్గురు అక్కలు వాడి పారేసిన గొడుగు చిన్నప్పుడు చేతికొస్తే, "చిల్లు చిన్నదేలే, పర్లేదు" అందట. ఆ మాట అప్పుడు నోటికంటుకుని ఇక వదల్లేదు. పెళ్లయ్యాక వంటింటి పక్కన సామాన్ల గదిని పడకగది చేసిచ్చారు. దానికీ పర్లేదే. "మా కోడలికి నోట్లో నాలుకే లేదమ్మా" అని అత్తగారు నలుగురిలో మెచ్చుకుంటారు. మెచ్చుకోలా అది! పలుపుతాడుకి రంగేసినట్టు.

మధ్యాహ్నం నడవాలో అన్నం తినే వేళకి భర్త ఫోను చేస్తాడు. "అంతా బాగానే ఉందా?" అంటాడు. "ఆ, బాగానే ఉందండి" అంటుంది. ఆవిడ "ఆ" అనేలోపే ఆయన "సరే" అనేస్తాడు.

ఆవిడ పనిగది ఎక్స్‌రే గదిని ఆనుకుని ఉంటుంది. కిటికీ లేదు. గోడల్లో సీసపు రేకులున్నాయి కాబట్టి ఫోను పలకదు. తలుపు లోపలి పిడి ఎప్పుడో ఊడిపోయింది, మూసుకుందంటే బయటివాళ్లే తెరవాలి. బాగుచేయించమని ఒకసారి అడిగి, వాళ్లు తల గోక్కుంటే, "పర్లేదులెండి" అని అట్టముక్క మడిచి తలుపు సందులో పెట్టుకుంది. ఆ గదిలో కూర్చుని సెంటరు నడిపే ప్రోగ్రాముని కనిపెట్టుకుని ఉండటం ఆవిడ ఉద్యోగం.

ఆ ప్రోగ్రాము అన్నీ తనే చెయ్యదు. మెషిను తీసిన ఎక్స్‌రేని డాక్టరు చూడగలిగే బొమ్మగా మార్చడానికి బయటి నుంచి ఇంకో చిన్న ప్రోగ్రాముని పిలుస్తుంది. అలా వచ్చినవాడు పని ముగించి ఒక అంకె చెప్పిపోతాడు. సున్నా అంటే పని జరిగింది, ఇంకేదైనా అంటే జరగలేదు. ఎందుకు జరగలేదో వేరే దారిలో గొణుగుతాడు కూడా. ఆ అంకె చూడాలి, ఆ గొణుగుడు వినాలి. ఇంటికి పిలిచిన మేస్త్రీ పని చేశాడో లేదో చూడకుండా గోడకి సున్నం వేయించుకుంటామా?

మొదట్లో ఆవిడ రెండూ చూసేలాగే రాసింది. ఏదైనా తేడా వస్తే కౌంటరు తెర మీద ఎర్రటి పెట్టె పడేది. అది చూసి జనం బెదిరిపోతున్నారని మేనేజరు మండిపడ్డాడు.

"తెర మీద ఎరుపు కనిపించకూడదు. కనిపించిన రోజే నీకిక్కడ ఆఖరి రోజు, తెలిసిందా?"

ఆవిడకి ఉద్యోగం కావాలి. ఆ ఇంట్లోంచి రోజూ బయటపడటానికి ఉన్న దారి అదొక్కటే. ఇక్కడ గదిలో ఇరుకు, అక్కడ గదిలో ఇరుకు, మధ్యలో బస్సు ప్రయాణమే ఆవిడ సొంతం. అందుకని నోరు మూసుకుని ప్రోగ్రాములో ఒక వరుస రాసింది. ఏ అంకె వచ్చినా సున్నా అనుకో, గొణుగుడంతా పారెయ్. ఆ రోజు నుంచి తెరంతా పచ్చగా, పెళ్లివారిల్లులా ఉంది.

ఒక మధ్యాహ్నం, భర్త ఫోను ఇంకా రాకముందే, నడవాలో చెయ్యి కడుక్కుంటుంటే ఎక్స్‌రే తీయించుకుని వచ్చిన బస్సు కండక్టరమ్మ ఒకావిడ కలిసింది. మాటకో దగ్గు.

"పొద్దున రక్తం పడిందక్కా. అయినా డాక్టరు బాగుందంటే ఇక ఈ గుమ్మం తొక్కను. డ్యూటీకి పోవాలి."

"బాగానే ఉంటుందిలే" అంది పర్లేదక్క, అలవాటుగా.

గదిలోకొచ్చి కూర్చున్నాక, వెనకాల తలుపు టక్కుమంది. అట్టముక్క జారిపోయింది. కొట్టింది, అరిచింది. అవతల మెషిను మోతలో ఎవరికి వినిపిస్తుంది? "పర్లేదు, ఎవరో ఒకరు రాకపోరు" అనుకుని తెర వైపు తిరిగింది.

కండక్టరమ్మ బొమ్మ వచ్చి ఉంది. శుభ్రమైన ఊపిరితిత్తులు. ఛాతీ మీద సగం విరిగిన గుండీ నీడ. ఆవిడ చూపు అక్కడ ఆగిపోయింది. ఈవిడకంటే ముందు వచ్చిన పెయింటరు బొమ్మలో చూసిన గుండీ అది, అతని జేబులో ఉండిపోయింది! ఇద్దరికీ ఒకే విరిగిన గుండీ ఎలా వస్తుంది? వెతికితే తెలిసింది. డిస్కు నిండిపోయింది, కొత్త బొమ్మ రాయడానికి చోటు లేదు. బయటి ప్రోగ్రాము చెప్పాల్సిన అంకె చెప్పింది, గొణగాల్సింది గొణిగింది. వినేవాడి చెవులు ఈవిడే మూసింది. అక్కడే ఉండిపోయిన పెయింటరు పాత బొమ్మే కండక్టరమ్మ పేరు మీద మేడ మీది డాక్టరుకి వెళ్లిపోయింది. "ఏం లేదమ్మా, వెళ్లు" అని ఆయనంటే ఆవిడ రక్తం కక్కుకుంటూ డ్యూటీ ఎక్కుతుంది.

పర్లేదక్క ఒక్క ఉదుటున లేచింది. అరచేతులు వాచేలా తలుపు బాదింది. ఎవరూ రాలేదు. ఆ కంప్యూటరు నుంచి మాట బయటికి పోయే దారి ఒక్కటే ఉంది, కౌంటరు తెర. ఆ దారిని పూడ్చింది తనే. తవ్వితే ఉద్యోగం పోతుంది. తవ్వకపోతే?

"దేవుడా, ఆవిడతో బాగానే ఉంటుందన్నానే!" అని పైకే ఏడ్చింది. ఏడుస్తూనే ఆ వరుస చెరిపేసింది. అంకె సున్నా కాకపోతే ఆగిపో, గొణుగుడు ఉన్నదున్నట్టు చూపించు అని రాసింది. దాని కింద తన మాట కూడా కలిపింది. కండక్టరమ్మ బొమ్మని మళ్లీ మార్చమని పంపింది.

కౌంటరు తెర నిండా ఎరుపు. 'డిస్కు నిండింది. బొమ్మ రాయలేదు. కండక్టరమ్మ బొమ్మ ఆవిడది కాదు, ఆవిడని ఇంటికి పంపొద్దు. నేను గదిలో ఇరుక్కుపోయాను.'

కౌంటరమ్మాయి చదివి గేటు దాకా పరిగెత్తింది. కండక్టరమ్మ అప్పటికే రోడ్డెక్కితే, ఆవిడ సంచీ పట్టుకుని లాక్కొచ్చింది. తలుపు తెరిచింది మాత్రం మేనేజరు, ముఖం కందగడ్డ చేసుకుని.

"ఎవరు పెట్టమన్నారు ఆ ఎరుపు? ముందది తియ్!"

"తియ్యనండి."

ఆయన "రేపు నీ సంగతి మాట్లాడదాం" అని వెళ్లిపోయాడు.

డిస్కు ఖాళీ చేశాక అసలు బొమ్మ వచ్చింది. కుడివైపు ఊపిరితిత్తి మీద తెల్లటి మచ్చ. డాక్టరు కండక్టరమ్మని ఇంటికి పంపలేదు. నడవాలో ఆవిడ పర్లేదక్క చెయ్యి పట్టుకుని దగ్గింది.

సాయంత్రం బస్టాపులో ఫోను మోగింది.

"మధ్యాహ్నం ఎత్తలేదేం? అంతా బాగానే ఉందా?"

"లేదండి. బాగాలేదు."

"సరే. వచ్చేటప్పుడు అమ్మకి మాత్రలు తీసుకురా."

ఫోను పెట్టేశాడు. బస్సొచ్చింది, పర్లేదక్క ఎక్కలేదు. తిరిగి ఆయన నంబరే నొక్కింది.

"ఏమిటి మళ్లీ?"

"బాగాలేదని చెప్పాను. ఈసారి వినండి."