రాజేశం కరపత్రంలో కొట్టేసిన వాక్యం

పొద్దున ఎవరో గడపలో ఎన్నికల కరపత్రం పడేసి పోయారు. చేతిలోకి తీసుకుంటే ఇంకా ఆరని ఇంకు వాసన. ఆ వాసనకు రాజేశం గుర్తొచ్చాడు. సిరిసిల్లలో మా వార్డుకు కౌన్సిలర్‌గా చేశాడు, పోయి రెండేళ్లయింది. మగవాణ్ణి ప్రేమించినవాడు, ఆ సంగతి ఎవరి దగ్గరా దాచనివాడు. కోరుట్ల నుంచి వచ్చిన దర్జీ వెంకటితో పోయేదాకా ఒకే ఇంట్లో కాపురమున్నాడు.

నేను బడి ముఖం చూడలేదు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేస్తూ, పాత పేపర్లు ముందేసుకుని అక్షరాలు పట్టుకున్నాను. లోకంలోని అన్యాయాలన్నీ నాకే తెలుసని పొగరు. రాజేశం మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు కరపత్రం నేనే రాశాను: 'ప్రజాసేవ కోసం పెళ్లి మానుకున్న త్యాగి' అని. చదివి నవ్వాడు.

"గీ త్యాగి ఎవడు కాకా? నాకైతే తెల్వది."

"ఓట్లు కావాలెనా, వద్దా?"

"కావాలె. గని వెంకటిని ఇంట్ల దాచిపెట్టి కాదు."

ఆ వాక్యం కొట్టేసి, 'నేను, వెంకటి ఈ వార్డులోనే ఉంటాం, ఏ పని ఉన్నా మా తలుపు కొట్టండి' అని తనే రాశాడు. నాకు ఒళ్లు మండింది. దొంగ లోకానికి దొంగమాటే చెప్పాలని తిట్టాను.

మా ప్రాంతంలో ఎన్నికల్లో నిలబడ్డవాడి భార్య ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్లకు బొట్టు పెట్టి ఓటడుగుతుంది. రాజేశం కుంకుమ భరిణె వెంకటి చేతికిచ్చి బయల్దేరాడు. నేను తల వంచుకుని వెనక నడిచాను. తొలి ఇల్లు బీడీలు చుట్టే మల్లవ్వది.

"ఏంరా రాజేశం, బొట్టు పెట్ట నీ ఇంటామె రాలే?"

"ఇగో, మా ఇంటాయన అచ్చిండవ్వా."

వెంకటి భరిణె తెరిచి ఆగిపోయాడు. పరాయి మగవాడు ఆడమనిషి నుదుటిని ఎలా తాకుతాడు? ఆ సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ ముందు తట్టలేదు. మల్లవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వెంకటిని అడిగింది.

"మంచిగ సూసుకుంటున్నడా?"

"సూసుకుంటున్నడు."

"అయితే గా కుంకుమ ఇటియ్యి. మొగోళ్లతోని బొట్టు పెట్టించుకుంటరా ఎవలన్న, బుద్ధి లేనోళ్లారా." భరిణె లాక్కుని ఇద్దరి నుదుళ్ల మీదా తనే బొట్టు పెట్టింది. చాట పక్కకు జరిపి లేచింది. "పాండ్రి, మిగతా ఇండ్లల్ల నేను పెడత."

అన్ని గడపలూ అలాంటివి కావు. ఒక ఇంట్లో మమ్మల్ని చూసి తలుపేసుకున్నారు. ఆసారి ఓడిపోయాడు. నేను రాసినట్టు ఉంచితే గెలిచేవాడివన్నాను.

"గెలిస్తె గా త్యాగి గెలుస్తుండె కాకా, నేను గాదు."

ఐదేళ్లకు గెలిచాడు, అవే మాటలు అచ్చు వేయించి.

ఇప్పటికీ రేషన్‌కార్డు దరఖాస్తులు రాయించుకోవడానికి జనం నా దగ్గరకు వస్తారు. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగి, చెప్పిన పేర్లన్నీ రాస్తాను. సంబంధం రాయాల్సిన గడి దగ్గర కలం ఆపి, నా అంతట నేను ఏదీ రాయకుండా వాళ్లు చెప్పేదాకా ఊరుకుంటాను. అలా ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు అరవై ఏళ్లు పట్టింది.