మావ కారుకు నేను పెట్టిన గాలి పైపు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. విజయనగరంలో ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్నవాడికి తెలియకపోవడమేమిటి చెప్పండి? పైగా ఫోన్లో వీడియోలు చూసే వసతి కొత్తగా వచ్చింది. ఎవరెవరో కార్లకు పైపులు మార్చి వేగం పెంచుతుంటే చూసి నా చేతులు దురదపెట్టేవి. నాకు కారు లేదు. మా మావకు ఉంది. మావ అంటే మా అమ్మ తమ్ముడు, సన్నాయి విద్వాంసుడు. ఎవరి దగ్గరో కొన్న పాత బుల్లి కార్లో మేళాన్ని పెళ్లిళ్లకు తిప్పేవాడు. చిన్న ఎత్తు వచ్చినా ఆ కారు ఆయాసపడేది.

"గాలి లోపలికెళ్లే పైపు సన్నం మావా, పైగా వంకర. ఎడల్పుది తిన్నగా పెడితే ఇంజను హాయిగా ఊపిరి పీల్సుకుంటాది" అని మొదలుపెట్టి, గాలి నడక గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. (ఎవరికి? ముప్ఫై ఏళ్లుగా గొట్టంలో గాలి ఊది బతుకుతున్నవాడికి!) ఆయన మర్యాదగా అంతా విని, "మరీ ఎడల్పయితే గాలి సెదిరిపోదేటిరా అల్లుడా? సన్నాయి కూడా నోటి కాడ సన్నంగానే ఉంటాది గదా" అన్నాడు. సన్నాయి వేరు, సైన్సు వేరు అని కొట్టిపారేశాను. ఆ సాయంత్రమే హార్డువేరు కొట్టుకెళ్లి, బాత్రూం నీళ్లు పోవడానికి వాడే పలచటి ప్లాస్టిక్ పైపు తెచ్చి బిగించేశాను.

మర్నాడు పాతపట్నంలో పెళ్లి, పదిన్నరకు ముహూర్తం. నా ఘనకార్యాన్ని కళ్లారా చూసుకుందామని నేనూ ఎక్కాను. వెనక సీట్లో డోలు వాయించే తాత డోలును కౌగిలించుకుని కూర్చున్నాడు. హైవే ఎక్కగానే కారు ఒకటే గర్జన. "ఏటిరా మనవడా, ఇది కారా, పులా?" అన్నాడు తాత. మావ మాత్రం మురిసిపోయి, "సుతి బాగున్నాదిరా!" అంటూ ఆ హోరుకు కలిపి రాగం తీశాడు. కారు నిజంగానే పరుగెత్తింది. (ఈ మాట ఇప్పటికీ ఎవరూ నమ్మరు, నేనూ వదలను.)

హైవే దిగాక గడ్డి ట్రాక్టరు వెనక నత్తనడక. కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బానెట్ ఎత్తి చూస్తే, ఇంజను వేడికి మెత్తబడ్డ నా పైపు, పళ్లూడిన ముసలాయన బుగ్గల్లా లోపలికి అతుక్కుపోయి ఉంది. గాలి ఆడే సందే లేదు. టైము పది దాటింది.

"తాళి కట్టే ఏలకి మేళం లేకపోతే, ఈ ఏపు మనల్నింకెవుడూ పిలవడు" అన్నాడు తాత. నాకు ఏడుపొచ్చేసింది. సిగ్గుతో కాదు, భయంతో. మావ పేరు నా చేతుల్లో పోతోంది.

మావ పైపు పీకి పారేసి, భుజం మీది కొత్త జరీ ఉత్తరీయాన్ని మడతపెట్టి, గాలి వెళ్లే కంతకు అడ్డంగా గుడ్డపేలికతో బిగించి కట్టాడు. "దుమ్ము ఎల్లకుండా ఉంటే సాలు, పద" అన్నాడు. మూలుగుతూ, ఆగుతూ వెళ్లాం. మేం దిగేసరికి లోపల పురోహితుడు "మేళం, మేళం" అని కేకలేస్తున్నాడు. మావ కారు దిగుతూనే సన్నాయి అందుకుని, నల్లటి గ్రీజు వేళ్లతో గేటు దగ్గర నుంచే వాయించుకుంటూ నడిచాడు. తాత డోలు వాయిస్తూ వెనకాలే పరుగు. సరిగ్గా అప్పుడే తాళి పడింది. మేళాన్ని అలా గేటు నుంచి రప్పించడం కొత్త పద్ధతి కాబోలనుకుని పెళ్లివారు తెగ మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చాక తల దించుకుని, "పాత పైపే పెట్టేస్తాను మావా" అన్నాను.

"అదేటిరా? హైవే మీద దాని పరుగు సూసినావు గదా! ఈసారి ఇనప పైపు తే, కొంచెం సన్నంది" అంటూ కారు తాళం నా చేతిలో పెట్టాడు. తర్వాతి పెళ్లి వారంలోనే ఉంది.

ఇప్పుడు ఒక కార్ల కంపెనీలో ఆ గాలి పైపులకే కంప్యూటర్ మీద బొమ్మలు గీస్తున్నాను. ప్రతి వంపునూ పదిసార్లు పరీక్షించాక గానీ పైవాళ్లకు చూపించను. జంకంటే ఎరగని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త బెంగ కూడా. పాడుచేసినవాడి చేతికే మళ్లీ తాళం ఇచ్చే మనిషి మాత్రం నాకు తర్వాత ఎక్కడా దొరకలేదు.