వస్తాదు తలమీది టోపీ

మా అన్న ఒక మనిషిని కొట్టాడు. కొట్టిన సంగతి సాయంత్రానికి ఆయనకు గుర్తులేదు. నేను చెప్పబోయేదంతా అక్కడ మొదలైంది.

బీదర్ పాత ఊళ్లో మా ఇంటికి నాలుగు గల్లీల అవతల ఒక తాలీం ఉంది. కుస్తీ నేర్పే చోటు. రాతి గోడలు, పైన రేకులు, మధ్యలో నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తగా తవ్విన ఎర్రమట్టి. మా నాన్న జహీరాబాద్ వైపు నుంచి ఉద్యోగానికి ఈ ఊరొచ్చాక, మా అన్న పదహారో ఏట ఆ మట్టిలో కాలు పెట్టాడు. ఇరవై ఏళ్లు కుస్తీ పట్టాడు. దుబల్గుండిలోనూ కమలనగర్‌లోనూ ఆయన పోటీకి దిగితే జనం గోడలెక్కి చూసేవాళ్లు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు నేర్పాడు. ఆయన్ని ఊరంతా వస్తాద్ అనే పిలుస్తుంది.

ఆ తాలీంలో ఒక పద్ధతి ఉంది. పట్టుకు దిగేముందు ఇద్దరూ గుప్పెడు మట్టి తీసి ఒకరి భుజాల మీద ఒకరు చల్లుకుంటారు. చెమట పట్టిన ఒళ్లు జారిపోతుంది కాబట్టి, మట్టి చల్లించుకోవడమంటే నన్ను పట్టుకునే వీలు నీకిస్తున్నాను అని ఎదుటివాడికి చెప్పడం. మట్టి చల్లించుకోనివాణ్ణి అన్న గడప అవతలికి గెంటేవాడు. దేవుడంటే ఆయనకు నాకున్నంత కోపం లేదు గాని, ఈ ఒక్క నియమం విషయంలో నాకన్నా మొండివాడు.

ఆ రోజు పొద్దున, పాత శిష్యుడొకడికి మెడపట్టు చూపిస్తూ అన్న వదల్లేదు. ఆ శిష్యుడు ముప్పై దాటినవాడు, టెంపో నడుపుకుంటాడు. వాడు తొడ మీద చరిచి చాలన్నాడు. అన్న వదలకపోగా మొహం మీద రెండు గుద్దులు గుద్దాడు. నలుగురు కలిసి లాగితే గాని విడిపడలేదు. సాయంత్రం ఆ శిష్యుడే వాచిన మూతితో ఇంటికొచ్చాడు.

"మూతికేమైందిరా? ఎవడు కొట్టిండు?" అన్నాడు అన్న.

"జారి పడ్డ, వస్తాద్."

"ఎన్నేండ్లు నేర్చుకున్నా నీకు పడుడే వచ్చింది."

శిష్యుడు నవ్వాడు. మా వదినకు మాత్రం నవ్వు రాలేదు. తాలీం పిల్లలు పొద్దున్నే వచ్చి చెప్పిందంతా ఆయనకు చెప్పింది. అన్న చాలాసేపు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. లేచి, మేకుకున్న తాలీం తాళంచెవి తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"నా చెయ్యి నా మాట ఇనేదాంక నేను మట్టిల కాలువెట్ట," అన్నాడు.

అరవై ఆరేళ్ల మనిషి. ఆ మట్టి తప్ప మరో చోటు తెలియనివాడు. అప్పటికి రెండేళ్లుగా తలనొప్పి, నిద్ర లేకపోవడం, మతిమరుపు, ఉన్నట్టుండి కోపం. ముసలితనం అనుకున్నాం. హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడి మెదడు డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, ఇది ముసలితనం ఒక్కటే కాదంది. తలకు తల కొట్టుకోవడం, నెత్తి నేలకు తగలడం, ఇరవై ఏళ్లలో ఎన్ని వేలసార్లు జరిగిందో. ఒక్కో దెబ్బ చిన్నదే. పుర్రె లోపల మెదడు మాత్రం ప్రతిసారీ కదిలింది. మళ్లీ ఎవరితోనూ కుస్తీ పట్టొద్దని, కింద పడొద్దని చెప్పి, మేమొక ప్రయోగం చేస్తున్నాం, చేరతారా అని అడిగింది. తలకు ఒక టోపీ, దాని లోపల వెలుగు. రోజూ ఇరవై నిమిషాలు, మూడు నెలలు.

నాకు మండింది. నలభై ఏళ్లుగా నేను చేసిన పని ఒక్కటే. మన్నళ్ళి లాంటి ఊళ్లకు పోయి, మహిమలు చూపించేవాళ్ల గుట్టు వేదిక మీద విప్పడం. ఒక బాబా కరెంటు దీపాన్ని చూపుతో వెలిగించేవాడు. శాలువా కింద వాడి చేతిలో ఉన్నది టీవీ రిమోట్ లాంటిది. దాని వెలుగు కంటికి కనిపించదు, ఫోన్ కెమెరాలో కనిపిస్తుంది. కెమెరా పెట్టి జనానికి చూపించాను. ఇప్పుడు మా అన్న నెత్తిన వెలుగు టోపీయా?

"తాయెత్తుకు కరెంటు పెడితే వైద్యమవుతుందా డాక్టర్?" అన్నాను.

ఆమె వయసు నాలో సగం ఉంటుంది. కోపం తెచ్చుకోలేదు. "ఇది పనిచేస్తుందో లేదో నాకూ తెలియదు సార్. తెలిస్తే ప్రయోగం ఎందుకు? అందుకే సగం టోపీల్లో వెలుగు ఉండదు. మీ అన్నగారికి ఏది వస్తుందో ఆయనకు తెలియదు, మీకు తెలియదు, నాకూ తెలియదు. ఈ వెలుగు కంటికి కనిపించదు."

 వేదికల మీద నేను బాబాలకు పెట్టిన పరీక్షనే ఆమె ముందుగా తనకు తాను పెట్టుకుంది. తనను పట్టుకునే వీలు తానే ఇచ్చింది.

"ఎముకలోంచి వెలుగెట్ల పోతది?" అన్నాడు అన్న.

ఆమె గది దీపం ఆర్పి, ఫోన్ టార్చి వెలిగించి ఆయన అరచేతి కింద పెట్టింది. ఎందరినో మట్టి కరిపించిన ఆ మందపాటి చెయ్యి నిప్పుకణిక రంగులో వెలిగింది. వేళ్ల అంచులు పగడాల్లా ఉన్నాయి. చిన్నప్పుడు బ్యాటరీ లైటుతో మేమిద్దరం దుప్పటి కింద చేసిన ఆటే. అయినా నేను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు నిలబడిపోయాను. పుర్రె దాటి లోపలికి చేరేది చాలా కొంచెమేనని, కణాల్లో శక్తి తయారయ్యే చోట అది ఇంకి దెబ్బతిన్న కణాలకు ఊపిరి పోస్తుందేమోనని ఆమె చెప్పింది. "ఏమో" అనే మాటను ఆమె ఎక్కడా దాచలేదు.

టోపీ ఇంటికొచ్చింది. పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, టోపీ పెట్టుకుని అన్న కళ్లు మూసుకునేవాడు. నేను పక్కన నోటుబుక్కుతో. నిద్ర ఎంతసేపు పట్టింది, తలనొప్పి ఉందా, రాత్రి ఏం తిన్నావు. రోజూ అవే ప్రశ్నలు అడిగి రాయాలి.

"రాత్రి ఏం తిన్నవ్ అన్నా?"

"యాదికొస్తలేదు."

నెల గడిచాక జవాబు మారింది. "జొన్నరొట్టె. ఎట్లుందో మాత్రం రాయకు, మీ వదినె సదువుతది."

"రాయనీయ్. నేను గూడ రాస్తా, తిన్నోడు ఎట్లుండో," అంది లోపలినుంచి వదిన.

రెండో నెలలో రాత్రి ఆరు గంటలు పడుకున్నాడు. గిన్నె కింద పడితే ఉలిక్కిపడి మీదికి లేచే మనిషి, దాన్ని వంగి తీశాడు. తనతో కుస్తీ పట్టినవాళ్ల ఊళ్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. అవీ రాసుకున్నాను. ఒక మనిషి మునిగిపోయిన చోటు నుంచి తిరిగి పైకొస్తుంటే చూడటం మామూలు విషయం కాదు. కాని ఇది వెలుగు పనా, నిద్ర పనా, రోజూ పక్కన కూర్చుని మాట్లాడే తమ్ముడి పనా?

ఒక పొద్దున వదిన టీ గ్లాసు ఇస్తూ మెల్లగా అంది. "మన్నళ్ళిల ఆ బాబా గుట్టు ఫోన్‌తోనే కదా చూపిచ్చినవ్. టోపీల కూడా ఒక్కసారి చూడరాదు? ఉంటె ధైర్యంగుంటది. లేకుంటె ఇంకో డాక్టర్‌ను అడుగుదాం."

నిజం చెప్తున్నాను, ఆ ఆలోచన నాకు మొదటి వారంలోనే వచ్చింది. జీవితమంతా అందరికీ 'చూసి నమ్మండి' అని చెప్పినవాణ్ణి. ఫోన్ తీశాను. అన్న అప్పటికే టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. కళ్లు తెరవకుండానే అన్నాడు.

"తమ్మీ, ఆ డాక్టరమ్మ మనమీద మట్టి చల్లింది. మన చేతిల గూడ మట్టి పెట్టింది. ఇప్పుడు దొంగతనంగ నూనె రాసుకుంటవా?"

"నీకు తెలుసుకోవాలని లేదా?"

"లేకేం. అది తెలుసుకునుడుకాదు, జారుకునుడు. ఫోన్ జేబుల పెట్టు."

పెట్టాను. నలభై ఏళ్లలో ఏ ఉపన్యాసంలోనూ నేనింత సూటిగా చెప్పలేకపోయిన మాట, పదో తరగతి దాటని మనిషి టోపీ ఒళ్లో పెట్టుకుని చెప్పాడు.

మూడు నెలలయ్యాక హైదరాబాద్ వెళ్లాం. ఫోన్ తీసి మళ్లీ జేబులో పెట్టుకున్న సంగతి చెప్పాను. డాక్టరమ్మ, అన్నకు ఏ టోపీ వచ్చిందో రాసి మూసిన కవరు చింపి కాగితం చూసింది. "ఇప్పుడు మీ ఫోన్ తీయొచ్చు సార్," అంది.

టోపీ ఆన్ చేసి బోర్లించి పట్టుకుంది. కంటికి ఏమీ లేదు, నల్లటి గుడ్డ మాత్రమే. ఫోన్ తెరలో చూస్తే లోపలంతా వరసలు వరసలుగా లేత ఊదారంగు చుక్కలు. తెల్లవారుజామున ఆకాశాన్ని ఎవరో గిన్నెలా వంచి పట్టుకున్నట్టు. మూడు నెలలు నా పక్కనే, నా ముక్కు ముందే ఇంత వెలుగు వెలిగింది. నేను చీకట్లో కూర్చున్నాననుకున్నాను. అన్న తెరలోకి వంగి చూశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తన తలను తానే మెల్లగా తడుముకున్నాడు.

"ఇది రుజువా డాక్టర్?" అన్నాను.

"కాదు సార్. మీ అన్నగారు ఒక్కరు. అందరి లెక్క తేలాలి. వెలుగు లేని టోపీ పెట్టుకున్నవాళ్లలో కూడా కొందరు బాగున్నారు."

"తెలుసు," అన్నాను. ఆ మాట ఎన్ని ఊళ్లలో ఎంతమందికి చెప్పానో. నాకు నేను చెప్పుకోవడం ఎంత కష్టమో ఆ గదిలో తెలిసింది.

టోపీ వాళ్లకిచ్చేశాం. ఇకముందు ఏమవుతుందో ఆమె చెప్పలేనంది. తిరుగు బస్సెక్కాం. బీదర్ దగ్గరపడుతుంటే, "రేపు తాలీంకు పోదాం. టోపీ లేకున్నా ఇంటదో లేదో చూడాలె," అన్నాడు తన చెయ్యి చూపిస్తూ.

మర్నాడు గడప దగ్గరే ఆగాడు. మట్టిని తవ్వుతున్న శిష్యుడు చూసి పార పక్కన పెట్టాడు. అందరూ ఆగిపోయారు.

"నన్ను కిందపడెయ్యొద్దు. డాక్టరమ్మ తిడ్తది. మెడపట్టు నిలబడే చూపిస్త. పోయినసారి సగంల ఆగింది," అన్నాడు అన్న. "నీకు భయమైతే చెప్పు."

"భయమెందుకు వస్తాద్? జారి పడుడు నాకు అలవాటే కదా."

ఎవరో నవ్వారు. శిష్యుడు వంగి గుప్పెడు ఎర్రమట్టి తీసి వస్తాదు భుజాల మీద చల్లాడు. అన్న కూడా వాడి భుజాల మీద చల్లాడు. అప్పుడు లోపల కాలు పెట్టాడు.

మెడ చుట్టూ చెయ్యి వేశాడు. శిష్యుడు తిరగబోతే వాడి మోచెయ్యి అన్న చెవికి తగిలింది. గట్టిగానే తగిలింది. అన్న ముంజేతి నరాలు లేవడం గడప దగ్గర నిలబడ్డ నాకు కనిపించింది. 

శిష్యుడు తొడ మీద చరిచాడు.

చెయ్యి తెరుచుకుంది. అన్న ఒకడుగు వెనక్కి వేసి, చెవి రుద్దుకుని, ఆ చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత వంగి మళ్లీ గుప్పెడు మట్టి తీశాడు.

"మోచెయ్యి లోపలికి పెట్టుకోరా. ఎన్నిసార్లు చెప్పిన?"