మెర్ల్ భోజనం పెట్టని మధ్యాహ్నం

మెర్ల్ హానిగన్ వంట గురించి ఇవాళ్టికీ ఎన్ని మంచి మాటలైనా చెప్పగలను. ఆవిడ నోటి గురించి మాత్రం ఒక్కటి కూడా చెప్పలేను. ఆస్ట్రేలియాలో డార్లింగ్ నది అవతలి గొర్రెల షెడ్లలో ముప్పై ఏళ్లు ఉన్ని కోతగాళ్లకు వండిపెట్టిన మనిషి. ఆ షెడ్లు సగం మూతపడ్డాయి, నాకు డెబ్భై దాటాయి. అయినా ఎక్కడ వేయించిన మటన్ వాసన తగిలినా ముందు ఆవిడ కేకే వినిపిస్తుంది.

మా షెడ్లలో వంటమనిషిని యజమాని పెట్టుకునేవాడు కాదు, కోతగాళ్లు చేతులెత్తి ఎన్నుకునేవాళ్లు. తీసెయ్యడమూ అంతే. పన్నెండు గంట మోగేసరికి భోజనం బల్లమీద ఉండి తీరాలి. ఒక్కపూట తప్పితే సాయంత్రం చేతులు లేచేవి, మర్నాడు వంటమనిషి మూట సర్దుకునేది. ఎంత మొరటు పద్ధతో ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు అదే న్యాయమనిపించేది.

అది పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు అక్టోబరు, వారాబీ షెడ్డు. దొడ్లోంచి గొర్రెల్ని లోపలికి తోలే పని నాది. నిజానికి పని నా కుక్క నిప్పర్‌ది, నేను ఈలలు వేసేవాణ్ణి. పదకొండు గంటలప్పుడు వంటింటి వెనక కట్టెల కుప్ప దగ్గరికి వెళ్లి వస్తూ అది ఉన్నట్టుండి కూలబడింది. నేను పరుగెత్తి చేరేలోగా లేచి, ఒళ్లు దులుపుకుని, తోక ఊపింది.

ఎండకు తూలి ఉంటుందని నవ్వేసి మళ్లీ ఈల వేశాను. పనికుక్క పడ్డా సరే, లేచిందంటే బాగున్నట్టే మా లెక్క. దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినవాణ్ణి సీజనంతా ఏడిపించేవాళ్లు.

వంటింటి తలుపు దభాలున తెరుచుకుంది.

"ఒరేయ్ లెస్! ఇంకోసారి ఈల వేశావంటే పళ్లు రాలగొడతా! అది పడింది కదూ?"

"పడి లేచింది కదా మెర్ల్. తోక ఎట్లా ఆడిస్తోందో చూడు."

"అట్లా లేచిందనే రా నా భయం! పాము కాటు అది. కుక్క ముందు ఇట్లాగే పడుతుంది, లేస్తుంది, ఏమీ కానట్టు తిరుగుతుంది. కాసేపాగితే కాళ్లు పడిపోతాయి. ఎత్తుకో దాన్ని."

"బాగానే నడుస్తోంది కదా..."

"నడిచినకొద్దీ విషం పాకుతుంది. ఎత్తుకోమన్నానా! పామును వెతుక్కుంటూ పోకు, కాటు కడగొద్దు. ఊరికే కదలకుండా పట్టుకో."

లోపలికి వెళ్లి పట్నంలో పశువుల డాక్టరుకు ఫోను చేసి, విరుగుడు మందు సిద్ధంగా ఉంచమంది. తిరిగొచ్చి ఏప్రన్ విప్పి గడపమీద పడేసింది. పొయ్యిలో మటన్ ఇంకా ఉడుకుతూనే ఉంది.

"మరి భోజనం?" అని అడిగాను, సిగ్గులేకుండా.

"బండెక్కు," అంది.

యాభై మైళ్ల మట్టిరోడ్డు, మధ్యలో ఏడు గేట్లు. బండి నడిపిందీ, దిగి గేట్లు తీసిందీ ఆవిడే. మూడో గేటు దగ్గర నిప్పర్ కక్కుకుంది. ఐదో గేటు దగ్గరికి వచ్చేసరికి వెనక కాళ్లు గుడ్డపేలికల్లా వేలాడాయి, కళ్లు మొత్తం నల్లగా అయిపోయాయి. నేను పసిపిల్లాడిలా ఏడ్చాను.

"ఏడిస్తే ఏడువు గానీ, దాని తల పక్కకు తిప్పి పట్టుకో. కక్కింది గొంతుకు అడ్డం పడుద్ది," అంది మెర్ల్, రోడ్డుమీంచి కన్ను తిప్పకుండా.

ఇంకో అరగంట ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదన్నాడు డాక్టరు. మూడు రోజులకు నిప్పర్ లేచి నిలబడింది. ఆ తర్వాత ఆరేళ్లు నా వెంటే తిరిగింది.

ఆ రోజు దాన్ని డాక్టరు దగ్గరే ఉంచి మేం షెడ్డుకు తిరిగొచ్చేసరికి నాలుగైంది. కోతగాళ్లు మాడిన మటన్ పారేసి రొట్టే జామూ తిని, ముఖాలు మాడ్చుకుని కూర్చున్నారు. సాయంత్రం వాళ్ల పెద్ద క్లారీ లేచి, పద్ధతి ప్రకారం అడిగాడు.

"మెర్ల్‌ను తీసేద్దామనేవాళ్లు చెయ్యెత్తండయ్యా."

తల గోక్కోబోయినవాడు కూడా చెయ్యి దించేసుకున్నాడు.

రాత్రి ఆవిడ గిన్నెలు తోముతుంటే నేను తుడిచిపెట్టాను. ఇదంతా నీకెట్లా తెలుసని అడిగాను.

"నాకూ ఒక కుక్క ఉండేదిలే, డాట్ అని. అరవై ఎనిమిదిలో, కూరారా షెడ్డులో ఇట్లాగే పడి లేచింది. నడక ఏదో తేడాగా ఉందని అనుమానం వచ్చింది కూడా. కానీ పన్నెండు కావస్తోంది. భోజనం పెట్టేసి చూద్దాంలే అనుకున్నా." ఆవిడ గిన్నె అడుగు గీకుతూనే ఉంది. "మటన్ వడ్డించి వచ్చేసరికి బల్ల కింద ప్రాణం పోయి ఉంది. ఇంకా పుడ్డింగు పెట్టాలి కదా, వెళ్లి పెట్టాను. ఆవేళ బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నార్రా."

ఆ ఏడాది కూరారాలో నేనూ ఉన్నాను. ఆ పుడ్డింగు నాకు గుర్తుంది. ఇంకాస్త కావాలని పళ్లెం చాపితే, ఆవిడ నవ్వుతూనే పెట్టింది.