వణికే చెయ్యి, వీరభద్రప్ప ట్రాలీ

రూపనగుడి చుట్టుపక్కల తిరిగే ట్రాక్టర్ ట్రాలీల్లో చాలావాటికి రంగులు దిద్దిన చెయ్యి తిప్పేస్వామిది. వెనక తలుపు మీద రెండు చిలకలు, వాటి నడుమ ఉరుకుంద ఈరన్న స్వామి పేరు. పేరు రాసే రోజు తలస్నానం చేసి, మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చునేవాడు. స్వామి పేరులో ఏ అక్షరానికీ కుంచె రెండోసారి తగలకూడదన్నది తండ్రి నేర్పిన నియమం. దిద్దితే అపచారం.

మొన్నటి వానాకాలంలో వచ్చిన జ్వరం తగ్గింది గాని, కుడిచేతికి వణుకు మిగిల్చిపోయింది.

అది తెలిసి కూడా ఆ ఊరి రైతు వీరభద్రప్ప తన కొత్త ట్రాలీని తెచ్చి అతని వాకిట్లోనే వదిలాడు. "నిదానంగా చెయ్యప్పా. మిరప కోతలకు ఇంకా టైముండాది" అని, చేతి వంక చూడనట్టే చూసి వెళ్లాడు. ఆ మంచితనమే తిప్పేస్వామికి మోయలేని బరువైంది.

పాత రేకు మీద గీత గీసి చూశాడు. పాము పాకినట్టొచ్చింది. తుడిచి మళ్లీ గీశాడు. చివరికి కుంచె విసిరికొడితే, అది పోయి మొక్కజొన్నలు ఒలుస్తున్న భార్య ఉరుకుందమ్మ ఒడిలో పడింది.

"బాగుండాది! నా చీరకు గూడా రంగులేస్తివి."

"నగుతాండావా? నా పని పోతాంటే నీకు నగువొస్తాందా?"

"ఆ రేకేమన్నా దేవుడా, తప్పొస్తే ఏమయితాది? ఊరికే ఆడుకోయ్యా సొల్పసేపు" అంటూ ఒలిచిన కంకి ఒకటి అతని మీదికి విసిరింది.

కోపంతోనే దాన్ని ఆకుపచ్చ రంగులో ముంచి రేకు మీద దొర్లించాడు. చుక్కలు చుక్కలుగా వరసలు పడ్డాయి. చెయ్యి వణికినచోట వరసలు ఒకదాని మీదికొకటి ఎక్కి, అచ్చం ఈకల్లా ఉన్నాయి. గోనెపట్టా ముక్కతో అద్దాడు. పుల్లతో గీకాడు. సగానికి సగం పాడయ్యాయి.

"ఇది చిలకనా, కోడా?"

"నాకూ తెల్దు మే!"

జ్వరం తర్వాత అతను నవ్వడం ఆమె అప్పుడే చూసింది.

అలా చిలకలు ట్రాలీ ఎక్కాయి. వాటి నడుమ జాగా మాత్రం ఖాళీ. దాని ముందు కూర్చుని కుంచె తీస్తాడు, మళ్లీ కింద పెట్టేస్తాడు.

వీరభద్రప్ప వచ్చి చూశాడు. "ఏందప్పా ఇవి, ఎగరబోతాండాయే! పేరు సిటీలో స్టిక్కర్ ఏపిస్తాలే, నువ్వు కష్టపడాకు" అన్నాడు ప్రేమగానే. తిప్పేస్వామి ట్రాలీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఒక్క దినం ఆగప్పా."

మర్నాడు తలస్నానం చేశాడు. కుంచె పట్టలేదు. బొటనవేలు పసుపురంగులో ముంచి, చుక్క పక్కన చుక్క అద్దసాగాడు. ఒక్కో అక్షరానికి వేలు ఎన్నోసార్లు తగులుతోంది.

"తప్పేమో మే."

"తప్పయితే ఇద్దరం ఉరుకుందకు పోయి దండం పెట్టుకొస్తాంలే. రాయి" అంది ఉరుకుందమ్మ, రంగుడబ్బా పట్టుకుని.

మూడో అక్షరం దగ్గర వేలు జారి అంచు చెదిరింది. తుడవడానికి గుడ్డ అందుకోబోయి ఆగాడు. చెదిరినచోట ఇంకో చుక్క పెట్టి, భయంభయంగానే పక్క అక్షరానికి జరిగాడు.