కత్తిపీట కానిది

‘నాకు తెలియదు’ అనే మాట ఆ రోజుల్లో నా నోట వచ్చేది కాదు. మా ఆయనకు హైదరాబాదులో ఉద్యోగమై బెజవాడ నుంచి వచ్చి, నాంపల్లిలో ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెకు దిగాం. భర్త పోయి ఒంటరిగా ఉండేదావిడ. దసరా ముందు కొట్టుగది సర్దిపెడతానని నేనే ముందుకు దూకాను.

అక్కడ గుడ్డలో చుట్టి రెండు వస్తువులు కనిపించాయి. జానెడు పైన చెక్క, దాని పొడవునా నిలువుగా ఇనపరేకు, కొస వంపు తిరిగి ఉంది. చెక్క అవతలి వైపు ఒక మర. ఇంకేముంది, పీటకు బిగించుకునే కత్తిపీట కత్తులే అనుకున్నాను. ఆయుధపూజకు కత్తిపీటకు బొట్టు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఆవిడకు చెప్పకుండా ఒకటి పట్టుకుని ఆబిడ్స్ సందులో సాన పట్టే ముసలాయన దగ్గరికి వెళ్లాను.

ఆయన దాన్ని వేలితో తడిమి చూశాడు.

“గిది కత్తి గాదమ్మా. పైన మెత్తటి ఇనుము, అంచుకు ఉక్కు, రెండు కలిపి కొట్టిన్రు. నడుమల గీ సన్నటి గాడి చూడున్రి, కావాలని చేసిన్రు. జర ఇంట్ల అడిగి రాండ్రి.”

“కత్తిపీట గురించి నాకు చెప్తావా? చేతనైతే పట్టు, లేకపోతే ఇచ్చెయ్!” అని నలుగురిలో కసిరాను. ఆయన గాడి అరిగిపోయేదాకా సాన పట్టాడు.

నేనే దాన్ని పాత పీటకు బిగించి, పసుపు కుంకుమ పెట్టి పెద్దావిడ ముందు పెట్టాను. ఆవిడ వంగి అంచును తడిమి చూసింది.

“మంచిగున్నది బిడ్డా.”

“రెండోది కూడా సాన పట్టిస్తాను పిన్నిగారూ.”

“వద్దు. అది గట్లనే ఉండనీ.”

ఆ గొంతు విని నాకు అనుమానం వచ్చింది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది.

“మా ఆయన ఇంగ్లండ్‌ల చదివేటప్పుడు పాత సామాన్ల దుకాణంల కొన్నరు. అప్పటికే తాతల నాటి స్కేట్లంట. చెక్కను అరికాలి లెక్క చెక్కుతరట. మరను బూటు మడమకు ఎక్కించి, తోలు పట్టీలు కట్టుకుని, గడ్డకట్టిన చెరువు మీద జారుకుంట పోతరట. గాడికి రెండు దిక్కుల ఉన్న అంచులే మంచును పట్టుకుంటయట. గీ వరండల నాకు కట్టి, చేతులు పట్టుకుని నిలబడుడు నేర్పిన్రు.”

“మరి ముందే చెప్పలేదేం పిన్నిగారూ?”

“బొట్టు పెట్టి గంత సంబురంగ తెస్తివి. ఏమంటా?”

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మధ్యాహ్నం ఆవిడ దాని మీదే బెండకాయలు తరిగింది, నేను మనసు కష్టపెట్టుకుంటానని.

రెండు వారాల తర్వాత ఆబిడ్స్‌లో సాన పట్టే ఆయన నన్ను గుర్తుపట్టి పిలిచాడు.

“ఇంట్ల అడిగిన్రా అమ్మా?”

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ మనుషులున్నారు.

“అడిగాను. కత్తిపీటేనన్నారు.”

“గట్లనా? అయితే నాదే తప్పమ్మా, ఏమనుకోకున్రి” అని ఆయన చేతులు జోడించాడు.

నేను తల ఊపి వచ్చేశాను.