గుట్ట మీది గునుగు

బడి చదువు ఐదో తరగతితో ఆగినా, మిగతాది గ్రంథాలయంలో పూర్తిచేసుకున్నాననే గర్వం నాకుండేది. కొత్తవాడలో పగలంతా జంపఖానాలు నేసి, సాయంత్రం వెళ్లి చదువుకునేవాణ్ణి. వయ్యారిభామ అనే కలుపు మొక్క మన నేలది కాదని, పూత రాకముందే వేళ్లతో సహా పీకాలని అక్కడే ఓ పుస్తకంలో తెలుసుకున్నాను. ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది రోజూ ఎదుటి కుర్చీలో కూర్చునే రిటైర్డు సారు.

ఊరి బయటి గుట్టను ఆ మొక్క కమ్మేసింది. ఆదివారాలు పోయి పీకుదామని సారే అన్నారు. ఇద్దరం చాలమని మా వాడ ఆడవాళ్లను నేను పిలిచాను. బతుకమ్మకు వాళ్లు గునుగు కోసేది ఆ గుట్ట మీదే. ఏటికేడు పువ్వు తగ్గుతోంది. ఈ మొక్క పోతే గునుగు మళ్లీ వస్తుందని మాటిచ్చాను.

వానలకు నేల మెత్తబడ్డాక, చేతులకు పాతగుడ్డలు చుట్టుకుని పీకాం. ఒళ్లంతా దురద, ఒకటే తుమ్ములు. పుస్తకంలో పూసిన మొక్క బొమ్మే ఉంది. మొలకల దగ్గర తడబడ్డాను. మా చిన్నమ్మ నా చేతిలోది లాక్కుని చూసింది.

"సదివి సదివి గునుగునే పీకుతున్నవ్ కొడుకా. జర పక్కకు కూసో."

అందరూ నవ్వారు, సారు కూడా.

రెండో ఏడు గుట్ట వాలులో కాస్త గునుగు పూసింది. మూడో ఏడు తొలి వానకు వెళ్తే, కూలీలు చాళ్లు తీసి సర్కారు తుమ్మ విత్తనాలు వేస్తున్నారు. వంటచెరకు తోటకట. నేల శుభ్రం చేయించి ఇస్తానని సారు అటవీశాఖ వాళ్లతో మా మొదటి ఆదివారానికి ముందే ఒప్పుకున్నారని మేస్త్రీ చెప్పాడు. ఆ తుమ్మ కూడా బయటిదే. ఆ పేజీ మేమిద్దరం కలిసే చదివాం.

సాయంత్రం అడిగితే, సారు పేపరు దించకుండానే గొంతు తగ్గించి అన్నారు: "జనానికి పొయ్యిలకు కట్టెల్లేవు. ముందే చెప్తె నువ్వు అస్తుంటివా? వాళ్లను తెస్తుంటివా?"

తెచ్చేవాణ్ణి కాదు. అది ఆయనకు తెలుసు.

మరుసటి ఆదివారం ఆడవాళ్లు చేతులకు గుడ్డలు చుట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. జరిగింది చెప్పాను. సారు మోసం చేశాడన్నాను. చిన్నమ్మ నిదానంగా గుడ్డలు విప్పుకుంది.

"ఆ సారు సంగతి నాకేం ఎర్క బిడ్డా. మాటిచ్చింది నువ్వు."

ఆ ఏడు ఆమె బతుకమ్మను బంతిపూలతోనే పేర్చింది. చూడ్డానికి నేను వెళ్లలేదు.